సామేలు మామ చెప్పిన ఉత్తరం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, చనిపోయిన మనిషి పేరుతో ఏడు ఉత్తరాలు నడిపించిన వ్యాపారి ఈ నల్లమల కింది ఊళ్ళలో నేనొక్కడినే అని ధైర్యంగా చెప్పగలను. అవి ఎంత బాగా కుదిరాయంటే, యుద్ధభూమిలో వాటిని చదువుకున్న సొంత కొడుక్కి కూడా అనుమానం రాలేదు, నా తెలివికి నేనే మురిసిపోయి గల్లాపెట్టె ముందు కూర్చుని నవ్వుకున్నాను. అంతకంటే గొప్ప పని ఇంకొకటి కూడా చేశాను. అదే మనిషి బతికుండగా నోరారా చెప్పిన ఒక్క ఉత్తరాన్ని రాయకుండా ఎగ్గొట్టాను. ఈ సాక్ష్యం ఆ ఒక్క ఉత్తరం గురించి.

మాది అర్ధవీడు దగ్గర చిన్న పల్లె. మా తాత దుకాణదారు, మా నాయన దుకాణదారు, నేను దుకాణదారుణ్ణి. బేరంలో అవతలి మనిషికి ఏం చెప్పాలో కాదు, ఏం చెప్పకూడదో ముందు నేర్చుకోమని మా నాయన నాకు చిన్నప్పుడే నూరిపోశాడు, నేను కూడా బడిలో పాఠాల కంటే శ్రద్ధగా అదే నేర్చుకున్నాను. నా చేతిరాత బాగుంటుంది కాబట్టి ఊళ్ళో ఉత్తరాలన్నీ మా దుకాణం అరుగు మీదే రాసేవాళ్ళం. వాన పడితే కంది, సజ్జ పండుతాయి, పడకపోతే పిల్లలు కూలికో మిలిటరీకో పోతారు. అలా పోయినవాళ్ళలో సామేలు మామ కొడుకు దావీదు ఒకడు. మాకూ వాళ్ళకూ చుట్టరికం లేదు, కులమూ ఒకటి కాదు, అయినా మా పల్లెల్లో వరస కలపకుండా ఎవరూ ఎవరినీ పిలవరు కాబట్టి సామేలు నాకు మామ, ఆయన భార్య మరియమ్మ అత్త, దావీదు బావ.

సరిహద్దులో కొండల మీద యుద్ధం మొదలైన ఆ ఎండాకాలం దావీదు బావ కొండ ఎక్కాడని తెలిసింది. అప్పటి నుంచి ఆయనకు పోయే ఉత్తరం ఒక ఇంటిది కాకుండా ఊరందరిదీ అయిపోయింది. అడ్రసులో ఊరు పేరు ఉండదు, నంబర్లే ఉంటాయి, అయినా అది ఎలాగో చేరుతుందని అందరూ నమ్మేవారు. ఊరికి ఒక నియమం ఉండేది: యుద్ధంలో ఉన్న మనిషికి చెడు కబురు రాయకూడదు. వాన పడకపోయినా పడిందని రాసేవాళ్ళం.

"శేషయ్యా, మన ఎర్రెద్దు బాగుందని రాయి," అనేవాడు సామేలు మామ.

"మామా, ఎర్రెద్దును పోయిన నెల అమ్మితివి గదా."

"అమ్మితే ఏంది? కొన్నోని కాడ బాగానే మేస్తాంది గదా. రాయి."

మరియమ్మత్త ప్రార్థన చెప్పేది. ఆమె ఆదాము దగ్గర మొదలుపెట్టి ఇశ్రాయేలు సైన్యాలన్నిటినీ దాటించి కొడుకు దగ్గరికి వచ్చేసరికి నా ఇన్‌లాండ్ కాగితం నిండిపోయేది.

"అత్తా, ఇంత ప్రార్థన దీంట్లో పట్టదు. కొంచెం తగ్గించు."

"సన్నగా రాయి నాయనా. దేవునికి కనపడతాది."

అప్పుడు నాకు దేవుడు లేడు, ఉన్నా నా గిరాకీ కాదు. ఆమె ప్రార్థననంతా కుదించి "మీ క్షేమం కొరకు ప్రార్థించుచున్నాము" అని ఒక వాక్యంలో తేల్చేసి, పైకి మాత్రం ఆమె చెప్పినదంతా చదివి వినిపించేవాణ్ణి. ఉత్తరం రాశాక చదివి వినిపించడం మా అరుగు మీద ఆచారం, అది వినకుండా ఎవరూ లేచేవారు కాదు. కాగితం మీద ఒకటి, నోటితో ఒకటి నడిపించడం నాకు అలా అలవాటైంది. చదువురాని మనిషి ముందు కళ్ళు కాగితం మీద పెట్టుకుని ఏం చెప్పినా చెల్లుతుందని తెలిసిన రోజే నా పతనం మొదలైంది సహోదరులారా, అప్పుడది నాకు పతనంలా కనిపించలేదు, పనితనంలా కనిపించింది.

దావీదు బావ జవాబులో ఒకసారి ఇలా రాశాడు: బావా, నీ ఉత్తరాలు మా వాళ్ళందరికీ హిందీలో చదివి చెప్తున్నా, మా ఆఫీసరు కూడా విని మెచ్చుకున్నాడు. ఆ ఉత్తరాన్ని నేను వచ్చిన ప్రతి గిరాకీకీ చదివి వినిపించాను. ఉప్పు కోసం వచ్చినవాళ్ళు కూడా నా పొగడ్త విని గానీ పోయేవారు కాదు.

అలాంటి రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం సామేలు మామ ఒక్కడే వచ్చాడు. ఎప్పటిలాగే అరుగు కింది మెట్టు మీద కూర్చున్నాడు. పై మెట్టు ఎక్కమని నేనెన్నడూ అనలేదు, అది కూడా నా లెక్కలో రాసుకోండి.

"మీ అత్తకు చెప్పొద్దు శేషయ్యా. ఈ ఉత్తరం నాది ఒక్కనిదే," అన్నాడు. ఎడమ చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని మెల్లగా చెప్పాడు. "దావీదూ, నాకు రొమ్ములో పట్టేసినట్లుంటాంది. కంభం డాక్టరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. సెలవు దొరికితే ఒకసారి వచ్చిపో. నువ్వు మిలిటరీకి పోయిననాడు నిన్ను సాగనంపేదానికి నేను రాలేదు. కోపంతో రాలేదనుకున్నావు. చేనుగట్టు మీద కూర్చోని నువ్వెక్కిన బస్సు మలుపు తిరిగిందాక చూసినా. అది నీకు తెలియదు. ఇప్పుడు చెప్తాండ. నిన్ను చూడాలనుంది."

నేను పెన్ను పట్టుకుని ఆలోచించాను. ఊరి నియమం నాకు సాకుగా దొరికింది. ఉన్నమాట చెప్పాలంటే, ఆఫీసరు మెచ్చుకున్న నా ఉత్తరాల వరసలో ఈ ఏడుపు ఉత్తరం పోతే నా పేరు ఏం కావాలని చూసుకున్నాను. కాగితం మీద ఇలా రాశాను: నేను క్షేమం. ఇక్కడ నీతో పనేమీ లేదు. ఇంటి ధ్యాస పెట్టుకోవద్దు, సెలవు అడగవద్దు. దేశం పని ముగించుకుని తలెత్తుకుని రా. రాశాక ఆ కాగితం వైపే చూస్తూ, ఆయన చెప్పిన మాటలు ఒక్కటి కూడా పోకుండా చదివి వినిపించాను. సామేలు మామ తల ఊపాడు. కాగితం తీసుకుని, అంచును తనే నాలుకతో తడిపి, మోకాలి మీద పెట్టి అరచేత్తో రెండుసార్లు ఒత్తి అంటించి నా చేతికిచ్చాడు.

మూడు వారాలకు సామేలు మామ చేను దగ్గరే కుప్పకూలి చనిపోయాడు. సమాధి అయ్యాక పెద్దలు కూర్చున్నారు. కొండ మీద ఉన్నవానికి ఇప్పుడు చెబితే మనసు చెదిరి ఏమవుతాడో, యుద్ధం అయ్యాక చెబుదాం అన్నారు. మరియమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా బిడ్డ ఆడ ఒక్కడే ఏడుస్తాడు, వద్దులే," అన్నది. మామ బతికున్నట్టే ఉత్తరాలు నడిపే బాధ్యత నాకే అప్పగించారు. అలా ఏడు ఉత్తరాలు రాశాను. "నేను, మీ అమ్మ క్షేమం" అని నేను చదివి వినిపించే ప్రతిసారీ ఆమె వీధి వైపు తిరిగి కూర్చునేది.

యుద్ధం అయిపోయింది. దేవుని కృపవల్ల దావీదు బావ ఒంటి మీద గాయం లేకుండా వచ్చాడు, బస్సు దిగగానే సంగతి చెప్పారు, నేరుగా సమాధి దగ్గరికి పోయాడు. మూడో రోజు మా దుకాణానికి వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"చివరి ఏడూ నువ్వే సొంతంగా రాసినావంట బావా. కోపం లేదులే, నా కోసమే గదా," అన్నాడు. తర్వాత పర్సులో నుంచి ఒక ఇన్‌లాండ్ కాగితం తీశాడు. "ఇది మాత్రం నాయనదే. తారీకు చూసినా, అప్పటికి బతికే ఉన్నాడు. ఇది వచ్చిన వారమే నాకు పది రోజుల సెలవు వంతు వచ్చింది. నాయనే వద్దన్నాడు గదా అని, కొత్తగా బిడ్డ పుట్టినాయన ఒకడుంటే వానికిచ్చి పంపించినా." కాగితాన్ని మడత మీద మడత పెట్టుకుంటూ అన్నాడు: "పొయ్యేముందు కూడా రమ్మనలేదు చూడు బావా. అంత కోపం ఉండె నామీద."

సహోదరులారా, అప్పుడు నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను తెరిచాను. "టీ తాగుతావా బావా" అన్నాను.

ఆ టీ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా నేను ఆ మాట చెప్పలేదు. తాగడం మొదలుపెట్టాను. మొదట దుకాణం మూశాక, తర్వాత తెరవకముందు, ఆ తర్వాత సరుకు గదిలో బియ్యం బస్తాల వెనక సీసా దాచుకుని మధ్యలో మధ్యలో. నా భార్య పిల్లల్ని తీసుకుని కనిగిరిలో పుట్టింటికి పోయింది. చేతులు వణికేవి, తూకం వేస్తే ముల్లు నిలిచేది కాదు, పంచదార పొట్లం కట్టలేక గిరాకీలనే కట్టుకోమనేవాణ్ణి.

ఒకరోజు మరియమ్మత్త సబ్బు కోసం వచ్చి నా చేతుల్ని చూసింది. కౌంటరు మీదుగా నా రెండు చేతులూ పట్టుకుని అక్కడే కళ్ళు మూసుకుని ప్రార్థించింది: "ప్రభువా, నా బిడ్డకు ఉత్తరాలు రాసిన చెయ్యి తండ్రీ ఇది. నా మొగుడు నమ్ముకున్న చెయ్యి. దీని వణుకు తీసెయ్ నాయనా."

ఆ ఆదివారమే నేను మందిరానికి పోయాను. పోయినవాణ్ణి ఊరికే పోలేదు, బేరం పెట్టాను. "దేవా, మందు మాన్పించు, నీ పేరు చెప్పుకుంటా, ఆ ఒక్క సంగతి మాత్రం నా దగ్గరే ఉండనీ," అని అడిగాను. బాప్తిస్మానికి పేరిస్తే, పాస్టరు గారు ఒప్పుకోవలసినవి ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఎంతో వినయంగా తూకంలో చేసిన మోసాలన్నీ ఒప్పుకున్నాను, కందిపప్పులో కలిపిన రాళ్ళు కూడా దాచలేదు. చిన్నవి కుప్పగా పోస్తే పెద్దది కనపడదని నా ఎత్తు.

"ఇంకా?" అన్నారాయన.

"ఇంకేం లేదయ్యా," అన్నాను. ఆ సాయంత్రమే మళ్ళీ తాగాను.

తాగి పడిపోయి, తెల్లవారి లేచాక, నా జీవితంలో మొదటిసారి బేరం లేకుండా ప్రార్థించాను. "ప్రభువా, నా దగ్గర ఇవ్వడానికేం లేదు. అడగడానికి నాకు ముఖం లేదు. ఏం చెయ్యమంటే అది చేస్తా." అంతే. ఆకాశం తెరుచుకోలేదు, స్వరం వినపడలేదు. కానీ లేచి నిలబడితే కాళ్ళు దుకాణం వైపు పోకుండా మరియమ్మత్త కందిచేను వైపు పోయాయి.

ఆమె కలుపు తీస్తోంది. నేను గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. ఆమె ఆగలేదు, ఆ సాలు చివరి దాకా కలుపు తీసుకుంటూ పోయింది, అక్కడ నడుము ఎత్తి వెనక్కి తిరిగింది.

"ఆయన చెప్పింది నీకు గుర్తుండాదా?"

"ప్రతి మాటా ఉంది అత్తా."

"అయితే రాయి. నేను పక్కన కూర్చుంటా. రాసినాక పాస్టరు గారితో చదివించుకుంటా. నీతో కాదు."

ఆమె ఇంటి ముందు కింద కూర్చుని నోటుబుక్కు కాగితం మీద రాశాను. చెయ్యి వణికి అక్షరాలు వంకర పోయాయి. పాస్టరు గారు చదువుతుంటే చేనుగట్టు, బస్సు, మలుపు అనే మాటలు వచ్చినప్పుడు మరియమ్మత్త, "ఆ పొద్దు చేనుకాడ అన్నం ముట్టలేదాయన. నేను వేడి చేసిందనుకున్నా," అని మాత్రం అన్నది. తర్వాత సంవత్సరం దాకా నాతో మాట్లాడలేదు.

ఆ కాగితం పట్టుకుని గిద్దలూరు పోయాను. దావీదు బావ మిలిటరీ నుంచి రిటైరై అక్కడ సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నాడు. ఇంటి ముందు నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు. ఇది ఎప్పుడు చెప్పినాడు అని అడిగాడు, చెప్పాను. మరి నాకొచ్చిందేంది అన్నాడు, అది నేను రాసింది బావా అన్నాను. లోపలికి పోయి తన బైబిలు తెచ్చి, అందులో ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్న ఆ పాత ఇన్‌లాండ్ కాగితాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీది బావా. నువ్వే పెట్టుకో," అని తలుపు వేసుకున్నాడు.

ఆ రోజు గిద్దలూరు బస్టాండు దాకా మూడు మందు దుకాణాల ముందు నుంచి నడిచి వచ్చాను, ఒక్కచోట కూడా కాలు ఆగలేదు. ఇప్పటికి మూడేళ్ళయింది, చుక్క ముట్టలేదు. ఇది నా పట్టుదల అని చెప్పుకుంటే నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. దేవునికే మహిమ. నేను బాప్తిస్మం తీసుకున్నాను, నా భార్య తిరిగి వచ్చింది, పోయిన క్రిస్మస్‌కు మరియమ్మత్త నన్ను మళ్ళీ నాయనా అని పిలిచింది. ఈ సాక్ష్యం రాయడానికి దావీదు బావను అనుమతి అడిగాను. "జరిగింది జరిగినట్టు రాయి. సొంతంగా ఏమీ కలపొద్దు," అన్నాడు. ఈ మూడేళ్ళలో ఆయన నాతో అన్న మాటలు అవే.

కాబట్టి ప్రియులారా, మీలో ఎవరి దగ్గరైనా ఇంకొకరికి చేరవలసిన మాట ఆగి ఉంటే, వాళ్ళు బతికుండగానే పోయి చెప్పండి. చెప్పే ధైర్యం లేకపోతే ప్రభువును అడగండి, ఆయన ఇస్తాడు, నాలాంటివాడికే ఇచ్చాడు, బేరం మాత్రం పెట్టకండి.

ఇక నా బిల్లు. క్షమాపణ నాకు ఉచితంగా దొరికింది, దానికి రాత్రింబవళ్ళు స్తోత్రం చెల్లిస్తున్నాను. అయితే అది నా ఖాతాలో జమ అయింది గానీ దావీదు బావ ఖాతాలో కాదు. ఒక తండ్రి దగ్గర కొడుకు గడపవలసిన పది రోజులు, నాయనకు తనమీద కోపమని ఆ కొడుకు మోసిన ఇరవై ఏళ్ళు, ఇవి నేను తీసుకున్నవి. వీటిలో ఒక్క పూట కూడా తిరిగి ఇవ్వలేకపోయాను.