ప్యాడుకు గంజి పెట్టిన మొనగాడు

ముందే చెప్పేస్తున్నాను. ఒక నల్ల కారు మెరుపు, ఒక పెద్దమనిషి ఇచ్చిన మాట, మూడు బనీన్లు ఒకే మధ్యాహ్నం బలైపోవలసి వచ్చిన కథ ఇది. వాటిలో బనీన్లు నిజంగానే బలైపోయాయి. అన్నిటికీ కారకుణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ రెండుసార్లు తప్పాను కానీ, తప్పు పరీక్షదేనని గట్టి నమ్మకం. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నేను నవ్వలేదు, గోక్కున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఎనభైల మొదట్లో మాట. వరంగల్ నుంచి హన్మకొండ పోయే రోడ్డు పక్కన మహబూబ్ ఉస్తాద్‌కు ఒక రేకుల షెడ్డు ఉండేది. కార్లకు రంగులేసి పాలిష్ పట్టడం ఆయన పని. నేను అక్కడ చేరి ఏడాదైంది. ఏడాదంతా తడిపిన గరుకు కాగితంతో రేకులు రుద్దడమే సరిపోయింది కానీ, నా కళ్లన్నీ పాలిష్ మిషన్ మీదే. కరెంటుతో గిర్రున తిరిగే ఆ మిషన్ మూతికి గొర్రె బొచ్చుతో చేసిన గుండ్రటి ప్యాడు బిగిస్తారు. పాలిష్ పూసిన రేకు మీద అది నాలుగు చుట్లు తిరిగితే చాలు, కారులో మన ముఖం మనకు కనబడుతుంది. ఉస్తాద్ తప్ప దాన్ని ఎవరూ పట్టకూడదు.

ఆ ప్యాడును ఉస్తాద్ హైదరాబాద్ పోయి తెచ్చాడు. దాన్ని చూసుకున్నంత ముద్దుగా ఆయన సొంత బావమరిదిని కూడా చూసుకోలేదు. పని కాగానే తానే కడిగి, తానే ఆరబెట్టి, తానే దాచేవాడు. అలాంటిది ఒక గురువారం పొద్దున తొర్రూరులో చుట్టాలింటికి పోతూ, ఏ దయ్యం పట్టిందో, దాన్ని నా చేతిలో పెట్టాడు.

"సమ్మిగా, జర మనసు పెట్టి ఇను. గోరువెచ్చటి నీళ్లల్ల కడుగు. పిండకు, మెల్లగ అదుము. ఎండల పెట్టకు, నీడకు ఆరబెట్టు. ఆరినంక బ్రష్షుతోని దువ్వి, సాఫ్ గుడ్డ సంచిల ఏసి గోడకున్న మొలకు తగిలియ్యి. కింద పెట్టినవనుకో, ఒక్క ఇసుక రేణువు సాలు కారు గీరుకపోను. బొచ్చు ఎట్లుండాలె?"

"మెత్తగుండాలె ఉస్తాద్."

"ఎంత మెత్తగ?"

"ముసలవ్వ చెంప లెక్క ఉస్తాద్."

"శాబాష్! రేపు వకీల్ సాబ్ కారు పాలిష్ ఉన్నది. మంచిగ చేసినవంటె మిషన్ నీ చేతికిస్త."

పాఠం నోటికి వచ్చింది కానీ నెత్తికెక్కలేదు. మిషన్ నీ చేతికిస్త అన్న ముక్క ఒక్కటే ఎక్కింది.

ఇక్కడ నా పిచ్చి గురించి ఒక మాట చెప్పాలి. నాకు గంజి అంటే ప్రాణం. తాగడానికి కాదు, బట్టలకు పెట్టడానికి. నా తెల్ల అంగీ విప్పి నేల మీద పెడితే నాకంటే నిటారుగా నిలబడేది. మా వాడకట్టులో నడుస్తుంటే నా అంగీ చేతులు ఫెళఫెళమని చప్పుడు చేసేవి. అమ్మ చీరలు, దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు, ఆఖరికి చేతి రుమాలు కూడా వదిలేవాణ్ణి కాదు. ఆ రుమాలుతో ముక్కు తుడుచుకుంటే ముక్కు తోలు లేచేది. అయినా దర్జా దర్జానే కదా.

ప్యాడు ఇంటికి తెచ్చి శ్రద్ధగానే కడిగాను. ఆరాక చూస్తే బొచ్చంతా నీరసంగా వాలిపోయి ఉంది. జ్వరం పడి లేచిన మనిషిలా కనబడింది. నా బుర్ర వెలిగింది. ఇంత పెద్ద కారు రుద్దే వస్తువుకు కొంచెం బలం వద్దా? పొయ్యి మీద అన్నం వార్చిన గంజి ఉండనే ఉంది. వేడివేడిగా ఒక గిన్నెలో పోసి ప్యాడును ముంచాను.

అమ్మ చూసి చేతిలో గరిటె వదిలేసింది.

"ఏం జేత్తానవ్‌రా? ఊలుకు ఎవడన్న గంజి పెడ్తడా?"

"నీకు తెల్వదమ్మా. గిది టెక్నికల్."

"టెక్నికల్ లేదు, మన్ను లేదు. పెద్దమనిషి గంజి పెట్టుమన్నడా?"

"ఆయన అన్నీ చెప్తడా? కొన్ని మనమే తెల్సుకోవాలె."

"గట్లనే తెల్సుకోని రెండుసార్లు తప్పినవ్ బిడ్డా" అని అమ్మ గరిటె ఏరుకుని పోయింది.

గంజి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడని సామెత. గంజి పెట్టేవాడికి చేతులు పట్టుకునేవాడొకడు ఉండాలి. అమ్మ నా చేతులు పట్టుకోలేదు. నేను ప్యాడును ఎండలో పెట్టి (నీడలో గంజి బిగుసుకోదు కదా!) సాయంత్రం తీసి చూసుకున్నాను. గోరుతో కొడితే టకటకమంది. బలం వచ్చిందని మురిసిపోయి, సంచిలో వేసి, తెల్లారి షెడ్డులో మొలకు తగిలించాను. సంచి మాత్రం ఉస్తాద్ చెప్పినట్టే చాలా సాఫ్‌గా ఉంది.

శుక్రవారం వకీల్ సాబ్ తన నల్ల అంబాసిడర్‌ను స్వయంగా తోలుకొచ్చాడు. కోర్టులో ఆయన దగ్గితే సాక్షులు నీళ్లు నమిలేవారని పేరు.

"ఉస్తాద్, నాలుగు గంటలకు నర్సంపేట పోవాలె. బిడ్డ సంబంధం ఖాయం చేసుకునేటందుకు పోతాన. వియ్యంకుని ముందట కారు అద్దం లెక్క ఉండాలె."

ఉస్తాద్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. ఒక్క గీత కనబడ్డా, ఇగ నేను మిషన్ ముట్ట. గిది నా జబాన్."

వకీల్ సాబ్ రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు. ఉస్తాద్ కారు కడిగి, పాలిష్ డబ్బా తీసి పెట్టాడు. జుమ్మా నమాజుకు వేళైంది. పోతూ పోతూ నా వైపు తిరిగాడు.

"మిషన్ పట్టు. కాని డిక్కీ కాడికెల్లి షురూ చెయ్యి, నిదానంగ. నేనొచ్చే దాక బానెట్ జోలికి పోకు."

మీరైతే ఎక్కడ మొదలుపెట్టేవారు? నేను సంచిలోంచి ప్యాడు తీసి బిగించి, పాలిష్ పూసి, బానెట్ మీదే మొదలుపెట్టాను. చూసేవాళ్లకు ముందుగా కనబడేది అదే కదా. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా గొరిగిందట. నాకు మిషనిస్తే బానెట్టంతా గొరిగాను. ఆన్ చేయగానే గర్రుమంటూ గంజి పెళ్లలు లేచి ముఖానికి చిమ్మాయి. ప్యాడుకు గంజి కొత్త కదా, అలవాటు కావాలనుకుని ఇంకా గట్టిగా అదిమాను. తడి పాలిష్ మీద అంతా నిగనిగలాడుతోంది. ఆహా, నా చెయ్యి చెయ్యి కాదు అనుకున్నాను. ఆ మాట మాత్రం నిజమే. గుడ్డతో తుడిచి చూస్తే, తలుపులోంచి పడిన ఎండలో బానెట్ మీద ఒకదాన్నొకటి చుట్టుకుని వందల గీతలు.

అప్పుడే వెనుక నుంచి అత్తరు వాసన వచ్చింది.

"సమ్మిగా, గిదేంది?"

"పాలిష్, ఉస్తాద్."

"పాలిష్ గాదు, జిలేబీలు. కారు మీద జిలేబీలు చుట్టినవ్‌రా!"

ఆయన ప్యాడు విప్పి వేలితో నొక్కాడు. వాసన చూశాడు. ఒక పెళ్ల గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు. నమ్మలేక ఇంకోసారి పెట్టుకున్నాడు.

"గంజా?"

"బలముంటదని..."

"ఇది ప్యాడా, లీడర్ అంగినా? ఓట్లడుగ పోతాందా ఇది? యా అల్లా, ముప్పై ఏండ్ల సంది గీ పనిల ఉన్న, ప్యాడుకు గంజి పెట్టినోన్ని సూడలే!"

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. గడియారం వైపు చూసి, మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు. "జబాన్ ఇచ్చిన గదరా" అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

కాసేపటికి ఆయనే లేచాడు. "గీతలు పైపైననే ఉన్నయి. చేత్తోని రుద్దితె పోతయి. షెడ్డుల గుడ్డలన్నీ రంగు పట్టి గట్టిపడ్డయి. ఉరుకు, ఇంటికి పోయి మెత్తటి నూలు గుడ్డలు తే. గంజి ఉండొద్దు!"

ఉరికాను. పెట్టె తెరిచాను. అమ్మ చీరలు అట్టల్లా ఉన్నాయి. దుప్పటి తీస్తే విరిగినంత చప్పుడైంది. తువ్వాలు, గలీబు, రుమాలు, అన్నీ నా చేతి చలవే.

"అమ్మా, మెత్తటి గుడ్డ ఒక్కటన్న లేదా ఇంట్ల?"

"నువ్వు ఉండనిచ్చినవా కొడుకా? నా ఒంటి మీది చీర గుచ్చుకోబట్టి నెలైతాంది."

దండెం మీద నా బనీను ఒకటి ఆరుతోంది. లోపల ఎవరూ చూడరు కాబట్టి బనీన్లకు మాత్రం నేను గంజి పెట్టేవాణ్ణి కాదు. దాన్ని లాక్కుని పరుగెత్తాను. అది సగం బానెట్‌కే నల్లబడిపోయింది. ఉస్తాద్ నా ఛాతీ వైపు చూశాడు. ఒంటి మీది బనీను కూడా విప్పి ఇచ్చి, అంగీ వట్టి ఒంటికే తొడుక్కున్నాను. అదీ చాలలేదు. ఉస్తాద్ అటు తిరిగి, నమాజుకని వేసుకున్న తెల్ల లాల్చీ లోపల నుంచి తన బనీను తీశాడు. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఏడవలేక రుద్దాం.

చెమట పట్టేకొద్దీ అంగీలో గంజి నా వీపును గీరుతోంది, మెడను కోస్తోంది. ఒక చేత్తో రుద్దుతూ ఇంకో చేత్తో గోక్కుంటుంటే ఉస్తాద్ ఓరకంట చూశాడు.

"గీరుతాందా?"

"మస్తు గీరుతాంది ఉస్తాద్."

"కారుకు గూడ గిట్లనే ఉండె. దానికి నోరు లేదు గంతే."

నాలుగు కొట్టేసరికి బానెట్ అద్దమైంది, ఒక్క మూల తప్ప. కుడి దీపం పైన అరచేతంత జిలేబీ మిగిలిపోయింది. అంతలోనే వకీల్ సాబ్ రిక్షా దిగాడు. ఉస్తాద్ చటుక్కున ఆ మూల మీద కుడి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

వకీల్ సాబ్ కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద వంగి మీసం దువ్వుకున్నాడు. "వా ఉస్తాద్! సలాం నీ చేతికి" అని చెయ్యెత్తాడు. ఉస్తాద్ ఒక్క క్షణం తటపటాయించి, కుడి చెయ్యి కదపకుండా ఎడమ చేత్తో సలాం చేశాడు. ఆ పెద్దమనిషి జన్మలో అలా చేసి ఉండడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వకీల్ సాబ్ కనుబొమ్మలు ముడిచాడు. "కుడి చెయ్యికి ఏమైంది?"

"పట్టేసింది సాబ్. గంజి లెక్క బిగుసుకపోయింది."

"మరి ఈ పోరడెందుకు గోక్కుంటాండు?"

"పని నేర్సుకుంటాండు సాబ్."

వకీల్ సాబ్ కారెక్కి స్టార్ట్ చేశాక గానీ ఉస్తాద్ ఆ చెయ్యి తీయలేదు. కారు రోడ్డెక్కి మలుపు తిరుగుతుంటే ఎండ తగిలి ఆ ఒక్క జిలేబీ మమ్మల్ని చూసి తళుక్కుమంది. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు.

వకీల్ సాబ్ ఏమీ అనలేదు. సంబంధం కూడా కుదిరింది. కానీ ఉస్తాద్ తాను ఇచ్చిన మాటను తానే మరవలేదు. గీత కనబడితే మిషన్ ముట్టనన్నాడు కదా, నెల దినాలు ముట్టలేదు. నన్నూ ముట్టనివ్వలేదు. వచ్చిన ప్రతి కారునూ ఇద్దరం చేత్తోనే రుద్దాం. ఆ నెలలో నా బనీన్లే కాక మా వాడకట్టు బనీన్లన్నీ ఖర్చయ్యాయి. గంజి పోయేదాకా ఆ ప్యాడును కడిగి, నా జేబు దువ్వెనతోనే దువ్వి, మళ్లీ ముసలవ్వ చెంపంత మెత్తగా చేసిన రోజు ఉస్తాద్ దాన్ని తన బుగ్గకు ఆనించుకుని చూసి, మిషన్ తీసి నా చేతికిచ్చాడు.

కాబట్టి పాఠకులారా, నిలువునా నిలబడి, ముక్కోటి దేవతల సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో మెత్తగా ఉన్నదాన్ని గట్టిపరచను. ఎండలో ఆరబెట్టను. అమ్మ వద్దన్నదాన్ని టెక్నికల్ అనను. ఇది నా ఒంటి మీది బనీను మీద ఒట్టు.