పెదనాయనకు చూపించిన గుర్రాల సినిమా

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఎంత దిగులుగా ఉన్న మనిషికైనా సరే, సరైన సినిమా ఒకటి చూపిస్తే లేచి కూర్చుంటాడని. మార్కాపురంలో అప్పుడే డిగ్రీ పూర్తిచేసినాను (పూర్తిచేసినాను అని నేనంటాను, 'వాళ్ళే విసుగొచ్చి పంపించినారు' అని మా నాయన అనేవాడు). బస్టాండు పక్కన ఒక సెల్‌ఫోన్ దుకాణంలో కుదురుకున్నాను. ఫోన్లకు అద్దాలు అతికించడం, ముసలోళ్ళ ఫోన్లలో మోత పెంచడం, అడిగినోళ్ళకు సినిమాలు ఎక్కించి ఇయ్యడం నా పని. పెండ్లాంతో పోట్లాడి వచ్చినోడికి ఒక నవ్వుల సినిమా, పరీక్ష తప్పినోడికి ఒక ఫైటింగు సినిమా, ఇట్ల డాక్టరు మందు రాసిచ్చినట్టు ఇచ్చేవాణ్ణి. ఆ ధైర్యంతోనే మా పెదనాయనకు కూడా వైద్యం చెయ్యబోయినాను.

పెదనాయన అంటే మా నాయనకు అన్న. బేస్తవారిపేట దగ్గర పల్లెలో గొర్రెలు కాసుకుంటా ఉండేవాడు. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు, కాబట్టి ముద్దు చెయ్యాలన్నా తిట్టాలన్నా నేనే. ఆ ఎండాకాలం ఆయన గుండె మొండికేసింది. నాలుగడుగులేస్తే చాలు, ఆయాసంతో కూలబడిపోయేవాడు. ఆపరేషన్ చేయించుకుంటే బతికే ఆశ ఉంది, లేకుంటే ఎక్కువ రోజులు లాగలేడని ఒంగోలు డాక్టరు మొహం మీదనే చెప్పినాడు. పెదనాయన సరేనన్నాడు గానీ, ముందు అంకమ్మను అడిగి చెప్తానన్నాడు. మా పక్క అమ్మవారిని అడగడమంటే పొట్టేలును అడగడమే. దానికి పసుపు పూసి, మెడలో వేపాకు కట్టి, మీద నీళ్ళు చల్లుతారు. అది జలదరించి ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, ఆ తర్వాత దాని పని అయిపోతుంది. విదిలించకపోతే మాత్రం అమ్మకు ఇష్టం లేదని అర్థం, ఇంక కత్తి ఎత్తకూడదు.

మా పొట్టేలు విదిలించలా. చెంబుతో చల్లినారు, చల్లగా లేవేమోనని కుండలో నీళ్ళు తెచ్చి పోసినారు, చివరికి బిందె ఎత్తి కుమ్మరించినారు. మాడు పగిలే ఎండలో దానికి ఆ నీళ్ళు ఎంత హాయిగా ఉన్నాయో ఏమో, కళ్ళు అరమోడ్చి, ఇంకో బిందె ఉంటే తెండి అన్నట్టు నిలబడింది. నేను దాని చెవిలో ఊదినాను. అది నా చొక్కా గుండీ కొరికింది. పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటా "కదలరా నాయనా, నీ కాళ్ళు మొక్కుతా, ఒక్కసారి కదలరా" అని బతిమాలింది. (చావడానికి ఒప్పుకోమని ఇంత మర్యాదగా ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు.) పొట్టేలు వినలా. పెదనాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకొని, "అమ్మకు ఇష్టం లేదు. ఆపరేషనూ వద్దు, గీపరేషనూ వద్దు" అని పోయి మంచమెక్కినాడు. ఆ రోజు నుంచి కూడు సరిగ్గా తినలా, మాట సరిగ్గా మాట్లాడలా, గోడ పక్కకు తిరిగి పడుకున్నాడు.

దుకాణం యజమాని భాయ్‌కి ఈ సంగతి చెప్పుకొని బాధపడినాను. "అరే, ఇంత దానికి ఏడుస్తావేంది? గుర్రాల సినిమా చూపియ్ పెద్దాయనకు" అన్నాడు భాయ్. కంప్యూటరులో బొమ్మ తీసి చూపించినాడు. ఎర్రటి కొండలు, గొడ్లమంద, గుర్రం మీద టోపీ పెట్టుకొని పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న మనిషి. "చూడు, అచ్చం మీ ఊరే. ఖుషీ అయిపోతాడు." నువ్వు చూసినావా భాయ్ అని అడిగితే, "నవ్వుతున్నాడు గదా, ఇంకేం చూడాల" అన్నాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఆదివారం మధ్యాన్నం బస్సెక్కి పల్లెకు పోయి, ఫోన్‌ను టీవీకి తగిలించి, పెదనాయన వెనక దిండు పెట్టి కూర్చోబెట్టినాను. సినిమా ఇంగ్లీషులో ఉంది. మాటలు తెలుగులో చెప్పే బాధ్యత నాది.

ఆ నవ్విన మనిషి పెండ్లికి పోతా ఉన్నాడు. పెద్దమ్మ ఇచ్చిన టీ చల్లారక ముందే గుర్రం బెదిరి ఆయన్ను కింద పడేసింది. కదలడం లేదు.

"ఏమయిందిరా ఆయనకు?" అన్నాడు పెదనాయన.

"అలసిపోయి పడుకున్నాడు పెదనాయనా."

"పడుకున్నోడి మీద మట్టి పోస్తాండారేంది?"

"అక్కడ చలి ఎక్కువ."

సినిమా అయిపోయిందనుకొని లేచినాను. అప్పుడు తెలిసింది, అది ఒక కథ కాదు, వరసగా చాలా కథలని. ఒక కథలోని మనిషి ఇంకో కథలో ఉండడు, ఎందుకంటే ఆ కథలోనే పోయుంటాడు. రెండో కథలో అన్నదమ్ములిద్దరు బావి తవ్వుతాండారు, మట్టి విరిగి తమ్ముడి మీద పడింది. పెదనాయన నా వైపు చూసినాడు. నేను రిమోట్ వైపు చూసినాను. ఆ తర్వాత కథలో ఒక పిల్ల గట్టు మీద నిలబడి చూస్తాంది, ఆమె మొగుడు ఏరు దాటతా ఉంటే వరదొచ్చింది.

"ఈయన ఏడికి పోయినాడు?"

"ఈతకు."

"బూట్లేసుకోనా?"

పెద్దమ్మ అప్పటికే ఆ ఇంగ్లీషు పిల్ల కోసం ముక్కు చీదుతా ఉంది. "ఆపరా సామీ, నీకు పుణ్యముంటుంది. మంచాన ఉన్న మనిషికి చూపించే సినిమానా ఇది?" అని నన్ను దులిపేసింది. నేను రిమోట్ ఎత్తుకున్నాను. ఆపబోతే పెదనాయన చెయ్యి అడ్డం పెట్టి "ఉండనీ" అన్నాడు. చూస్తే దిండు వదిలేసి ముందుకు వంగి కూర్చోనున్నాడు. అన్ని రోజుల తర్వాత ఆయన అట్ల కూర్చోవడం అదే. చివరి కథలో అందరికీ గుంతలు తవ్వే ముసలాయన ఒక పొద్దున తన పార పక్కనే ఒరిగిపోయినాడు. టీవీ నల్లబడింది. సందు చూసుకొని బస్సుకు పరిగెత్తాలా అని నేను ఆలోచిస్తాండా.

"ఒరే, వీళ్ళల్లో ఒక్కడి మీదన్నా నీళ్ళు చల్లినారా?" అన్నాడు పెదనాయన.

నాకు అర్థం కాలా. "లేదు పెదనాయనా."

"అదే చెప్తాండా. పెండ్లికి పోయేవాణ్ణి అడగలా, బావిలో ఉన్నోణ్ణి అడగలా. గుంతలు తవ్వే ముసలోణ్ణి కూడా అడగలా. నన్ను చూడు, డాక్టరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఏం పెద్దాయనా చేయించుకుంటావా అని అడిగినాడు. ఇంత మర్యాద ఎవరికి దక్కుతుందిరా? పోదాం పద."

"మరి అమ్మ ఒప్పుకోలా గదా?" అంది పెద్దమ్మ భయంగా.

"పొట్టేలును అడిగితిమి, అది దాని సంగతి చెప్పింది. నా సంగతి నన్నడగాల."

ఒంగోలులో ఆపరేషన్ రోజు పొద్దున, ఆయన్ను లోపలికి తీసుకపోయే ముందు నేనూ పెద్దమ్మా పక్కనే ఉన్నాం. నర్సమ్మ వచ్చి, చల్లటి మందు నీళ్ళలో దూది ముంచి ఆయన ఎదురు రొమ్ము మీద రుద్దింది. అంతే, తల నుంచి కాళ్ళ దాకా ఒళ్ళంతా ఒక్కసారి విదిలించినాడు పెదనాయన. మంచం కిర్రుమంది. "చలి పెడుతుందా పెద్దాయనా?" అనింది నర్సమ్మ. ఆయన నా వైపు తిరిగి, కన్ను కొట్టి, "చూసినావా, ఒక్కసారికే! మన పొట్టేలుకు చెప్పు" అన్నాడు. నేను పగలబడి నవ్వినాను. ఆయనా నవ్వినాడు. పెద్దమ్మ నవ్వలా.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకొని, మా మొహాలు చూడకుండా చెప్పినాడు. చెయ్యాల్సిందంతా చేసినారంట, గుండె మళ్ళీ కొట్టుకోలేదంట. నేను గోడకానుకొని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాను. అన్ని సినిమాలు ఎక్కించినోణ్ణి, ఆ వరండాలో పెద్దమ్మ కోసం చెయ్యగలిగింది ఒక్కటి కూడా తోచలా.

పొట్టేలు మాత్రం బతికింది. అమ్మ వద్దన్న దాన్ని కొయ్యడానికి మా ఊళ్ళో ఎవరికి గుండె ధైర్యం ఉంటుంది? చాలా ఏండ్లు పెద్దమ్మ ఇంటి ముందరే తిరిగింది. బాగా బలిసి, దండెం మీద ఆరేసిన చీరలు నమిలి, వచ్చినోళ్ళనల్లా కుమ్మేది. "నువ్వు కదలకుండా బతికిపోతివి, ఆ పిచ్చోడు కదిలి పాయె" అని దాన్ని తిడతానే జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టేది పెద్దమ్మ. నేను పోయినప్పుడల్లా అది నా గుండీల కోసం వచ్చేది. దాని మీద కోపం తెచ్చుకుందామని చూసేవాణ్ణి గానీ, వచ్చేది కాదు.

ఇప్పుడు నాకూ గడ్డం నెరిసింది, నాకూ ఆయాసం మొదలైంది. చలికాలం పొద్దున్నే మెడ మీద మొదటి చెంబు చన్నీళ్ళు పోసుకొని, పండ్లు బిగబట్టి, కదలకుండా నిలబడతాను. "అంతసేపు ఏం చేస్తాండావు లోపల?" అని మా ఆవిడ తలుపు కొడుతుంది. ఏం చెప్పేది? ఎంత బిగబట్టినా రెండో చెంబుకు ఒళ్ళు ఝల్లుమని విదిలిస్తుంది. వెంటనే పైకి చూసి, "అమ్మా అంకమ్మా, అది చలికి. నేనింకా ఒప్పుకోలా" అని గట్టిగానే చెప్పుకుంటాను.