రామదాసు లేని పాట

రామదాసుకి కుడిచెవి పావువంతు పనిచేస్తుంది. ఎడమది ఎప్పుడో పోయింది. హుటాన్ మెలింటాంగ్ ఊరి దగ్గర పామాయిల్ మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు బాయిలర్ పక్కన నిలబడితే ఎవరికైనా పోతుంది. చెవులకి ఏదైనా ఇమ్మంటే సూపర్‌వైజర్ దూది పెట్టుకోమన్నాడట. దిక్కుమాలిన దూది!

చెవి పోయినా చేయి పోలేదని అతని ధీమా. పాడే కూర్మమ్మ పెదవులు చూస్తాడు, అరికాళ్ళతో నేల అదురు పట్టుకుంటాడు, డోలక్ వాయించేస్తాడు. వలసొచ్చిన తెలుగువాళ్ళు తోటల ఎస్టేటులో చేసుకున్న భజనల నాటి నుంచి వాళ్ళ బృందానికి ఒక కట్టుబాటు ఉంది. డోలక్ మీద మొదటి దెబ్బ పడందే ఎవరూ నోరు తెరవకూడదు. నలభై ఏళ్ళుగా ఆ దెబ్బ రామదాసుదే. పెళ్ళాం పోయింది, ఉద్యోగం పోయింది, మొన్న షుగరు పుండుకి రెండు కాలివేళ్ళు కూడా పోయాయి. మిగిలింది ఆ దెబ్బ ఒక్కటే. రెండేళ్ళ కిందట కూతురు భారతి పెళ్ళి విందులో వేళ్ళు వాచేదాకా వాయించాడు. ఆ సంగతి ఇప్పటికీ కనపడినవాడికల్లా చెబుతాడు.

రెండు నెలలు మంచాన పడి లేచాక, ఆ ఆదివారం మధ్యాహ్నం భారతి అతన్ని తెలుక్ ఇంటాన్ ఊళ్ళో గణేశన్ ఇంటి దగ్గర దించి వెళ్ళింది. ఆ ఇంటి కారు షెడ్డులోనే వాళ్ళ సాధన. కీబోర్డు వాయించే గణేశన్ ఎదురొచ్చి, కాలు మానేదాకా ఊరికే వినమని కుర్చీ వేశాడు. చెవిటివాడి ముందు శంఖమా అని రామదాసే నవ్వాడు. రెండు పాటలు కూర్చుని చూశాడు. కీబోర్డు మీద ఎర్రదీపం తాళానికి మిణుకుమంటోంది. తను లేక, పాపం, మిషను తాళంతో నెట్టుకొస్తున్నారనుకున్నాడు. జాలేసింది. మూడో పాటకి ఉండబట్టలేక డోలక్ ముందుకు లాక్కున్నాడు. ఎవరూ వద్దనలేదు.

మొదటి దెబ్బకి చేయెత్తాడు. సరిగ్గా అప్పుడే కాలిపుండు సలిపి చేయి గాలిలో ఆగిపోయింది. చూస్తే కూర్మమ్మ పెదవులు కదులుతున్నాయి.

పొరపాటేమో అనుకున్నాడు. పల్లవి అయింది, చరణం అయింది. స్పీకర్ల హోరులో ఎవరూ ఆగలేదు, ఎవరూ తల తిప్పలేదు. కిందకి చూస్తే అతని డోలక్ మైకు తీగ చుట్టలు చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, దేనికీ తగిలించకుండా పడి ఉంది. దాని మీద మందంగా దుమ్ము. పాట అయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పాట అవగానే గణేశన్ వచ్చి కుడిచెవి దగ్గర నోరుపెట్టి అరిచాడు.

"బాగా వాయించినావులే అన్నా! నీ దెబ్బ పడితేనే పాటకి పాణం."

"నాను వాయించలేదురా," అన్నాడు రామదాసు.

గణేశన్ ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. దెబ్బ ఆలస్యంగా పడుతోందని, చెప్పడానికి నోరు రాలేదని, మానిపిస్తే మనిషి దక్కడని భయపడి మైకు మాత్రం పీకేశామని ఏదేదో చెప్పుకుపోయాడు. రామదాసుకి సగం వినపడలేదు. ఎన్నాళ్ళ నుంచి అని మాత్రం అడిగాడు. కూర్మమ్మ దగ్గరికొచ్చి మూడు వేళ్ళు చూపింది.

"మూడు నెల్లా?"

"మూడేళ్ళన్నా."

మూడేళ్ళంటే భారతి పెళ్ళి అందులోనే ఉంది.

"మా బారతికి తెలుసా?" అన్నాడు. కూర్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని పక్కకి తిరిగింది.

సాయంత్రం భారతి వచ్చి కారెక్కించుకుంది. బెల్టు పెడుతూ, చెవి దగ్గర వంగి, బాగా వాయించినావా నాన్నా అని గట్టిగా అడిగింది. రామదాసు కూతురి ముఖంలోకి కాసేపు చూశాడు.

"బాగానే వాయించినానమ్మా," అన్నాడు.