ఐస్ పెట్టె మీద నేను

మా చర్చిలో చెప్పుకుంటున్న కథలో నేను చాలా మంచిదాన్ని. ఆట ఆడొద్దని పక్కన కూర్చోబెట్టిన ఒక చేపలమ్మే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని నేను కూడా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నానట. పరీక్షకి జంకుతున్న ఆడవాళ్ళకి ధైర్యం రావాలని ముందు నా చెయ్యే చాపానట. ఇంగ్లండు నుంచి వచ్చి ఒక రోజు మాతో గడిపి వెళ్ళిన ఆవిడ ఇదంతా ఉత్తరంగా రాసి, ఫొటో కూడా జతచేసి పంపింది. ఆరాధన అయ్యాక పాస్టరు గారు దాన్ని తెలుగులో చదివి వినిపించారు. బందరులో నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయే వాళ్ళు కూడా ఆ రోజు వచ్చి చెయ్యి కలిపారు. పొగడ్త నాకేం చేదు కాదు. కానీ ఆ ఉత్తరంలో ఫొటో తప్ప నిజం లేదు. ఆ ఫొటోలో కూడా నేను నవ్వడం లేదు, ఎండకి మొహం చిట్లించానంతే.

మా పిన్ని కూతురు నర్సుగా రిటైరయ్యాక దివిసీమలో, సముద్రానికి దగ్గరున్న ఒక ఊళ్ళో చిన్న సంస్థ పెట్టింది. నేను అక్కా అని పిలుస్తాను. చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకి వారానికోసారి త్రోబాల్ ఆట, ఆటకి ముందు బీపీ, షుగరు పరీక్ష. తుఫాను షెల్టరు ముందున్న ఖాళీ స్థలమే కోర్టు. పైనుండే బీపీ అంకె నూట అరవై దాటితే ఆ రోజుకి ఆట లేదు, గట్టున ఐస్ పెట్టె మీద కూర్చుని చూడాలి. అది చేపలు వేసుకునే పాత పెట్టె, మూత కూడా పోయింది, బోర్లించి పెట్టారు. నేను కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పేదాన్ని. శనివారాలు బస్సెక్కి వెళ్ళి బీపీ కొలిచి రిజిస్టరులో రాసే పని నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

ఈ సంస్థకి బంతులూ, బీపీ మిషనూ పంపేది ఇంగ్లండులోని ఒక చిన్న బృందం. వాళ్ళలో ఒకావిడ, ఒకప్పుడు నర్సు, తర్వాత పిల్లలకి ఆటలు నేర్పిందట, మా పని చూడ్డానికి ఒక శనివారం వచ్చింది. ఆవిడకి ఊరు చూపించి, మాటలు ఇంగ్లీషులోకి తర్జుమా చేసి చెప్పే బాధ్యత నా మీద పడింది. బందరులో కారెక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఇక్కడి వాళ్ళకి ఉప్పు ఎక్కువ, ఎండు చేపలు ఎక్కువ, చెప్తే వినరు, డాక్టరు రాసిన మాత్ర వేసుకోరు. చల్లపల్లిలో టిఫినుకి ఆగినప్పుడు ఇడ్లీల మీదికి రెండోసారి కారప్పొడి వేయించుకుంటూ కూడా ఆపలేదు. మోపిదేవి గుడి దగ్గర జనాన్ని చూసి ఆవిడ ఏదో అడగబోయింది. నేనింకా ఉప్పు ముగించలేదు.

మాత్ర సంగతి ఇక్కడే చెప్పెయ్యాలి. రెండేళ్ళ కిందట గుడివాడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు తల తిరిగితే అక్కడి డాక్టరు నాకు బీపీ మాత్ర రాశాడు. ఆయన కాలు మీద కాలు వేసుకుని మాట్లాడాడని ఆ మాత్ర వేసుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. వాళ్ళలో ఆ చేపలమ్మే ఆవిడ ఉంది. యాభై దాటిన మనిషి. ఈ జట్టుని పోగుచేసింది ఆవిడే. కొంగు బిగించి బంతి విసిరితే అవతలి వాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. అలాంటిది మూడు వారాలుగా ఐస్ పెట్టె మీదే ఉంది. ఆవిడ చోట్లో కోడలు ఆడుతోంది. సంగతి ఆటతో ఆగలేదని అక్క ఆ ఉదయమే ఫోనులో చెప్పింది. అత్తకి జబ్బు చేసిందని ఊరంతా అనుకుంటున్నారు, అవనిగడ్డ బజారుకి గంప ఇక కోడలు తీసుకెళ్తుందని ఇంట్లో మాట అయింది, ఈ వారం కూడా కూర్చుంటే ఆవిడ చేతిలో గంప ఉండదు.

ఇది తెలిసి కూడా నేను చేసింది చెప్తాను. ఆవిడ బజారు నుంచి వచ్చి, రోడ్డు మీద ఆటో దిగి, ఖాళీ గంప చంకన పెట్టుకుని గబగబా నడిచి, రొప్పుతూ వచ్చింది. అలాగే కూర్చోబెట్టి పట్టీ చుట్టాను. నూట అరవై ఎనిమిది.

"ఇంకోసారి సూడండి మేడంగారూ. నడిసొచ్చాను గదా," అంది నెమ్మదిగా.

"మిషనుకి నీ మీద పగేం లేదమ్మా. ఉన్నదే చెప్తుంది," అన్నాను. అని ఊరుకోకుండా ఎండు చేపల మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ గంప కింద పెట్టి, వెళ్ళి ఐస్ పెట్టె మీద కూర్చుంది. అవతల కోడలు కొంగు బిగిస్తోంది.

ఇంతలో వెనకున్న ఇద్దరు ముగ్గురు మాకొద్దులే అని జరుగుతుంటే, ముందు మీరు చూపించండి, వాళ్ళకి భయం పోతుంది అని ఇంగ్లండు ఆవిడ నాతో అంది. అంటే చెయ్యి చాపిన ఆలోచన కూడా నాది కాదు. కుర్చీలో ఠీవిగా కూర్చున్నాను. పట్టీ ఆవిడే చుట్టింది.

నూట ఎనభై రెండు.

పట్టీ జారిందన్నాను. మళ్ళీ చుట్టింది. నూట ఎనభై ఆరు. మధ్యలో నేను మాట్లాడాను, అందుకే అన్నాను. అది నిజమే, మాట్లాడకుండా నేను ఉన్నదెప్పుడు? మూడోసారి ఎడమ చెయ్యి ఇచ్చాను. తర్వాత బ్యాటరీలు పాతవై ఉంటాయని షెల్టరు గోడ గడియారంలోవి పీకించి వేయించాను. గడియారం ఆగింది గానీ నా అంకె దిగలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నారు.

ఐస్ పెట్టె మీద నుంచి మాట వచ్చింది. "మిషనుకి మీ మీద పగేంటి మేడంగారూ?"

అందరూ నవ్వారు. అక్క కూడా మొహం తిప్పుకుని నవ్వింది, నేను చూశాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"మీకు నాలుగుసార్లు సూశారు. నాకు మూడు వారాలూ ఒక్కోసారే సూశారు."

ఏం జరుగుతోందని ఇంగ్లండు ఆవిడ నన్ను అడిగింది. ఆ ప్రశ్నకి నేను చెప్పిన జవాబే ఉత్తరంలోకి ఎక్కింది. ఇంగ్లీషు పాఠం చెప్పేదాన్ని, ఉన్నదున్నట్టు చెప్పడానికి ఇంగ్లీషు దొరకలేదు. ఆవిడ కూర్చుంటే బాధపడుతుందని నేను కూడా పక్కన కూర్చుంటానంటున్నాను, అందుకే నవ్వుతున్నారు అన్నాను. ఇంగ్లండు ఆవిడ కళ్ళు చెమర్చాయి. నాకు తప్పించుకునే దారి మూసుకుపోయింది.

మా మాటలు అక్కకి రెండు భాషల్లోనూ అర్థమవుతాయి. నా వైపు ఒక చూపు చూసి, నవ్వు ఆపి, రిజిస్టరు తీసుకుంది. మొదటి పేజీలో తన చేత్తో రాసిన నియమం ఉంది. వచ్చినవాళ్ళని ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోబెట్టాకే కొలవాలి. ఎక్కువ చూపిస్తే ఇంకోసారి చూడాలి. నేను ఏ వారమూ చెయ్యలేదు. ఆరింటి బస్సు దాటిపోతుందని, రాగానే ఒకసారి కొలిచి ఆ అంకె రాసేసేదాన్ని. మిగిలినవాళ్ళంతా ఊళ్ళోంచి తీరిగ్గా వచ్చేవాళ్ళు. బజారు నుంచి గంపతో పరుగున వచ్చేది ఆవిడొక్కతే.

నా రగడ పుణ్యాన ఆవిడ అప్పటికే ఇరవై నిమిషాలు కూర్చుంది, అయినా అక్క మళ్ళీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. ఈసారి కొలిచింది నేను కాదు, ఇంగ్లండు ఆవిడ. కోడలు కోర్టు మధ్యలో బంతి పట్టుకుని నిలబడి చూస్తోంది.

నూట నలభై ఎనిమిది. నిమిషం ఆగి మళ్ళీ చూస్తే నూట నలభై ఆరు.

ఇది కూడా కొంచెం ఎక్కువే, సోమవారం ఆసుపత్రిలో చూపించాలని అక్క గట్టిగా చెప్పింది. ఆవిడ తల ఊపింది గానీ చెవి అటు లేదు. కొంగు దోపేసింది. కోర్టులోకి వెళ్ళి కోడలి ముందు చెయ్యి చాపింది. ఆ పిల్ల బంతి ఇచ్చేసి పక్క వరసలోకి జరిగింది. అత్త విసిరిన మొదటి బంతి వల దాటి, అవతలి వాళ్ళని దాటి, ఎక్కడో సర్వి చెట్ల దగ్గర పడింది. తప్పు సర్వీసు. అయినా గట్టున ఉన్న మగవాళ్ళు ఈలలు వేశారు.

నేను వెళ్ళి ఐస్ పెట్టె మీద కూర్చున్నాను. చీరకి చేపల వాసన పట్టింది. సగం ఆటలో ఆవిడ నీళ్ళు తాగడానికి వచ్చి, నా పక్కన కూలబడి, "జరగండి, అలవాటైన సోటు," అంది. తర్వాత చెంబు కింద పెట్టి, కోడలికి వినపడేలా, "రేపు పొద్దున గంప నేనే తీసుకెల్తున్నాను," అంది. ఇంగ్లండు ఆవిడ అప్పుడు తీసిందే ఆ ఫొటో.

సోమవారం నేను కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈయన కాలు ఎలా పెట్టుకున్నాడో చూడలేదు. మాత్ర వేసుకుంటున్నాను. ఉత్తరం చదివిన వారం పాస్టరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన విని, ఎంత వినయమమ్మా మీది అన్నారు. పుట్టి ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను అన్నవాళ్ళు లేరు. ఇక ఎవరికి చెప్పినా నమ్మరని ఇలా రాస్తున్నాను.

ఇప్పుడు రాగానే ఎవరినీ కొలవడం లేదు. ఐదు నిమిషాలు కూర్చోబెడుతున్నాను, ఆరింటి బస్సు పోతే అక్క ఇంట్లోనే ఉండిపోతున్నాను. ఆవిడ గంప ఆవిడ దగ్గరే ఉంది. కోడలు కూడా ఆడుతోంది, అత్తకి ఎదుటి జట్టులో. ఒక శనివారం ఆవిడతో అవనిగడ్డ బజారుకి వెళ్ళాను. తన గంపలో చేపలు కాటా మీద పెట్టకముందు ఖాళీ కాటా సున్నా చూపిస్తోందా అని వంగి చూసింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన కాటా అది, తూచేవాడు ఆవిడకి వరసకి తమ్ముడట. అయినా నమ్మలేదు. నేను ఉండబట్టలేక అడిగాను. ఆవిడ నవ్వి, రొయ్యలు తాజాగా ఉన్నాయి, తీసుకెళ్ళండి అని మాట మార్చింది. మళ్ళీ రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ రొయ్యలే వచ్చాయి.

తమ్ముడి కాటానే నమ్మని మనిషి, తన గంప చేజారిపోతున్నా, మూడు వారాలు నేను చెప్పిన ఒక్క అంకె ఎందుకు నమ్మింది?