బొటనవేలి కింద చీలిక

1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగేనాటికి నేను అక్కడి ఫర్వానియా పేటలో ఒక అంగట్లో సేల్స్‌మన్‌ని. మంచులో నడిచే బూట్లు, ఉన్ని కోట్లు అమ్మేవాళ్లం. ఎడారిలో మంచు బూట్లేందని నవ్వొద్దు. డబ్బున్న కువైటీలు కొందరు ఏటా చలికాలంలో మంచుకొండలు ఎక్కను పోయేవాళ్లు. మాది ప్రొద్దుటూరులో చెప్పుల అంగడి. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా నాయన చెప్పుకునేవాడు.

మంచు బూటుకు ప్రాణం సోల్. దాని కింద క్రాంపాన్, అంటే ఇనుప పళ్ల చట్రం, పట్టీలతో బిగించుకుని గడ్డకట్టిన మంచు మీద నడుస్తారు. సోల్ అంటించిన గమ్ వేడికి చచ్చిపోతుంది. అందుకే పక్కనే దజీజ్‌లో ఉన్న మా గోడౌన్‌లో ఎప్పుడూ ఏసీ ఆడేది. సైనికులు వచ్చిన వారానికే ఆ ఏసీలు పీక్కుపోయారు. యజమాని తాళాలు నా చేతిలో పెట్టి దేశం దాటేశాడు. సరుకు ఆ ఎండలకు ఉడికిపోయింది.

డిసెంబరులో జహ్రా నుంచి అబూ సాలెం వచ్చాడు. మా పాత ఖాతాదారు, కొండల నడకలో ఆరితేరినవాడు. సైనికులు అతని కోసం వెతుకుతున్నారు. సౌదీ సరిహద్దు నిండా సైన్యమే, అందుకే దొంగ కాగితాలతో ఇరాక్ ఉత్తరానికి చేరి, మంచుకొండల మీదుగా నడిచి టర్కీలో పడాలి. అతని సైజుకు మిగిలింది ఒకే జత, గోడౌన్‌లోది. పొద్దున తెచ్చేటప్పుడే వంచి చూశాను. ఎడమ బూటుకు సోల్ దగ్గర వెంట్రుకంత చీలిక.

"ఎక్కడ పెట్టినావు రమణా వీటిని?"

"ఏసీలోనే, అబూ సాలెం."

"వంచు, చూస్తా."

వంచాను. చీలిక మీద బొటనవేలు పెట్టి మరీ వంచాను.

"బియ్యం మూట ఇస్తా."

"దాంతో పాటు గ్యాస్ సిలిండర్ కూడా. రూములో ముగ్గురం ఉన్నాం."

"యుద్ధంలోనూ బేరమేనా?"

"మానేస్తే నాకు జ్వరం వస్తుంది."

పగలబడి నవ్వాడు. సిలిండర్ తనే భుజాన మోసుకొచ్చి దించాడు.

సైన్యం పోయి అంగడి మళ్లీ తెరిచాక, కర్ర పట్టుకుని వచ్చాడు. ఎడమ కాలికి వేళ్లు లేవు. రెండో రోజు మంచు వాలు మీద సోల్ ఊడి, క్రాంపాన్‌తో సహా లోయలో పడిందట. తలగుడ్డ కాలికి చుట్టుకుని మరుసటి రోజు దాకా నడిస్తే, వేళ్లు మంచుకు చచ్చిపోయాయట.

"ఒకటే అర్థం కాలేదు రమణా. బూటు మంచిదే, నువ్వు వంచి చూపించావు కదా. పట్టీలు నేనే ఎక్కువ బిగించానా?"

నిజం చెప్పడానికి అతనే తలుపు తెరిచి పెట్టాడు.

"కొంచెం ఎక్కువే బిగించినట్టున్నారు," అన్నాను.

"అంతే అయ్యుంటుంది," అని తలూపి, ఎడమదాని కొనలో దూది కూరుకునేలా ఒక బూట్ల జత అడిగాడు. అతను చెప్పిన ధరకే ఇచ్చేశాను.

"ఏంది, జ్వరమా?" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అదే అంగట్లో ఉన్నాను. బూటు వంచి చూసే పని మాత్రం కొనేవాళ్లకే వదిలేశాను. నా చేతిని నేను నమ్మను. అది చూసి జనం నిజాయితీ అనుకున్నారు. అబూ సాలెం అయితే కుంటుకుంటూ స్నేహితులను తోలుకొచ్చేవాడు, "ఈ మనిషి మాట మీద కళ్లు మూసుకుని కొనండి" అంటూ.