కళ్లు తెరవని ఎలుగుబంటి

నంద్యాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా మా కాలేజీలో ఒక బొమ్మల సినిమాను పాటల నాటకంగా వేశాం. తప్పిపోయిన పిల్ల కోసం అడవంతా గాలించే ఎలుగుబంట్ల కుటుంబం కథ అది. ఊళ్లోవాళ్లు పిల్లాజెల్లాతో వచ్చి చూసేలా శని, ఆదివారాలు రెండు ఆటలు. నాకు తల్లి ఎలుగు వేషం! మూడు పాటలు నావే! ఆ నెలంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. హాస్టల్లో పళ్లు తోముకుంటూ కూడా పాడి అందరి చేతా తిట్లు తిన్నాను.

ఒకటే కొరత. మా నాయన రానన్నాడు. ఆయన ఆళ్లగడ్డలో రాతి శిల్పి. నేను చేరినప్పటి నుంచి మా కాలేజీ గేటు కూడా చూడలేదు.

"దేవుండ్లను సగంలో ఇడిసిపెట్టి నీ గంతులు చూసేకి రావాల్నా?" అన్నాడు.

ఏడుపొచ్చింది. నేనూ మొండిదాన్నే కదా, "పోనీ, ఎలుగు తలకాయన్నా చేసియ్యి" అన్నాను. గొణుక్కుంటూనే కాగితం గుజ్జుతో చేయడానికి ఒప్పుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు ఆ తల ఆళ్లగడ్డ బస్సులో వచ్చింది. నాలుగింటికి ఆట. అట్టపెట్టె విప్పగానే అమ్మాయిలంతా నోళ్లు తెరిచారు. ఏం మూతి, ఏం చెవులు! బొచ్చు పోగుపోగునా చెక్కినట్టుంది. కళ్లు మాత్రం లేవు. ఆ చోట రెండు నున్నటి ఉబ్బులు. తలకు తగిలించుకుంటే లోపలంతా చీకటి. ఒళ్లు మండి ఫోన్ చేశాను.

"నాయనా, కండ్లు యాడ?"

"ఈడనే ఎవురన్నా తెరుస్తారామ్మే? నిలబెట్టే తావున కదా తెరిచేది!"

మా ఇంట్లో ఏ విగ్రహానికైనా అదే పద్ధతి. గుడికి చేరాక, అన్నిటికన్నా చివర, ఆయనే వెళ్లి కళ్లు తెరుస్తాడు.

"అది దేవుడు కాదు నాయనా! దాంట్లో నేనుండాల. నాకెట్ల కనపడేది?"

"అయ్యో... లోపల మనిషుంటాదని మతికే రాల్యా," అన్నాడు. "ఎవురినీ ముట్టనియ్యొద్దు. వస్తాండా."

వస్తాండా! కోపమంతా ఎటు పోయిందో, అక్కడే రెండు గెంతులు వేశాను.

మా స్నేహితురాలు కళ్లు కోస్తానని బ్లేడు తెచ్చింది. ఇవ్వనన్నాను. నాటకం నేర్పిన మేడమ్ ఆ తల వదిలేసి మొహానికి రంగు పూసుకోమంది. పూసుకోనన్నాను. "నీకేమన్నా పిచ్చా?" అని అరిచింది. తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగైంది. మొదటి పాట మొదలైంది. రెండో పాటకు నేను స్టేజీ ఎక్కాలి. గుమ్మం వైపే చూస్తున్నాను.

అప్పుడొచ్చాడు, కనుబొమల నిండా రాతిపొడితో, చేతిలో పనిముట్ల సంచితో. గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. తలను అద్దం ముందు పెట్టి, తాను పక్కకు జరిగి నిలబడ్డాడు. కొత్తగా తెరిచిన కళ్ల తొలి చూపు అద్దం మీదే పడాలి, దానికి ఎదురుగా శిల్పి నిలబడడు. చిన్న ఉలితో కుడి కన్ను తెరిచాడు, తర్వాత ఎడమ కన్ను. అంతా మూడు నిమిషాల్లో అయిపోయింది.

"తొడుక్కో. ఫస్టు అద్దంలో చూడు."

చూశాను. అద్దంలో పెద్ద ఎలుగుబంటి, దాని వెనక మా నాయన నవ్వుతూ. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "పో పో, పిలుస్తాండారు," అని భుజం తట్టాడు.

ఎలా ఆడానో చెప్పలేను. హాలులో పిల్లలు కేకలు పెట్టి నాతోపాటు పాడారు. ఆఖరి పాటలో పక్కకు తిరిగితే తెర చాటున ఆయన కనిపించాడు, ఇంకా వట్టి కాళ్లతోనే, చేతులు కట్టుకుని.

ఆట అయ్యాక పరిగెత్తుకుంటూ వెళ్లాను. "ఎట్లుంది నాయనా?"

ఆయన ఎలుగు తలను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఎడమ కన్ను రవ్వంత చిన్నదైంది. రేపు గూడా ఆడతారు గదా? సరిచేసేకి వస్తాలే," అని సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు.

హాస్టల్ గదిలో స్కేలు పెట్టి కొలిచాను. రెండు కళ్లూ సమానంగానే ఉన్నాయి.