జాగ లేని గొంతు

మేడం పోయిందన్న కబురు నాకు ఎవరూ ఫోన్ల చెప్పలే. మేడం పెనిమిటి, వాళ్ల సారే నా దుకాణానికొచ్చిండు. కౌంటరు మీద చిన్న ఫోటో ఒకటి పెట్టి, "భాయ్, దీన్ని జర పెద్దగ చేసియ్యి," అన్నడు. ఫోటోల మేడం నవ్వుతాంది. ఎందుకని అడగబోయి, సారు మొఖం చూసి ఆగిపోయిన. గుండెల నొస్తుందంటే దవాఖానకు తీస్కపోతున్నరట, తొవ్వలనే పానం పోయిందట. ఇన్నేండ్ల సంది నల్లగొండల పోయినోళ్ల ఫోటోలకు ఫ్రేములు కడుతున్న. ఆ ఒక్క ఫ్రేము కట్టేటప్పుడు నాకు చేతులాడలే.

నా స్టూడియో పక్క షట్టరే మేడంది. కాలేజీల కంప్యూటరు పాఠాలు చెప్పే కొలువు ఇడిసిపెట్టి, తెలంగాణ వచ్చిన కొత్తల ఆ జాగ కిరాయికి తీసుకున్నది. ఇనుప అరలల్ల సర్వర్లు పెట్టింది. ఈ చుట్టుముట్టు కాలేజీల, పత్తి మిల్లుల, ఫంక్షన్‌హాళ్ల వెబ్‌సైట్లు ఆ మిషన్ల మీదనే నడుస్తుండె. మా ఇద్దరి నడుమ గోడకు ఆనుకుంటే ఇవతలికి గూడ జుమ్మని ఇనిపిస్తుండె. మేడం చెప్పులు బయట ఇడిసే లోపటికి పోతుండె. పిల్లలకు జరం చూసినట్టు మిషన్ల మీద చెయ్యి పెట్టి చూస్తుండె. చాయ్ మాత్రం నా కౌంటరు కాడ నిలబడే తాగేది, లోపట చుక్క తడి పడొద్దని.

వాటిల్ల ఒక సైటు ఆమె సొంతం. ఐతారం వచ్చిందంటే మర్రిగూడ దిక్కు పోయేది. ఫ్లోరైడు నీళ్లతోటి నడుములు వంగిన ముసలోళ్ల మాటలు రికార్డు చేసి ఆ సైటుల పెట్టేది. గట్ల మాట్లాడిన ఒక అవ్వ కొన్నాళ్లకు చనిపోయింది. ఆమె కొడుకు పత్తి రైతు. తల్లి పోయిన దినం రాంగనే ప్రతి ఏడు మేడం కాడికి వస్తుండె.

"మా అమ్మ గొంతు ఏ మిషన్ల ఉన్నది మేడం?" అని మొదటిసారి అడిగితే, మేడం కింది అరల ఉన్నదాన్ని చూపెట్టింది. ఆయన దాని మీద బంతిపూలు పెట్టి మొక్కిండు. నేను తలుపు కాడ నిలబడి చూసిన. ఆ పచ్చలైట్లు, ఆ పూలు, అండ్ల నుంచి అవ్వ గొంతు. ఎందుకో నేను గూడ చెప్పులు ఇడిసిన.

ఒకసారి కాలేజీ రిజల్టులు వచ్చిన దినం పిల్లలందరు ఒక్కపాలే సైటు తెరిస్తే మిషను కూలబడ్డది. మేడం బయటికొచ్చి మెట్ల మీద కూసున్నది. "గీ మిషను ఊపిరాడక సస్తాంది భాయ్. పక్కదేమో పనిలేక ఖాళీగున్నది. దీని బరువు అది ఎందుకు మొయ్యొద్దు?" అన్నది.

ఆ తర్వాతనే గ్రిడ్ ముచ్చట పట్టింది. ఎక్కడెక్కడివో వేల మిషన్లను ఒక్కటిగ కడతరట. ఎవరికి ఎంత పనుంటే గంతే వాడుకునుడు, వాడుకున్నంతకే బిల్లు. నాకు సమజ్ కాలేదంటే నా స్టూడియో లైటు చూపెట్టింది. "గిది ఎలిగితే సాగర్ నీళ్లతోటి ఎలిగిందా, బొగ్గుతోటి ఎలిగిందా అని అడుగుతవా? ఇగ కంప్యూటరు గూడ గంతే."

సైట్లన్నీ ఆ గ్రిడ్ మీదికి పోయినయి. మేడం మిషన్లను ఒక్కొక్కటి బందు చేసింది. ఆఖరుది బందైనప్పుడు గోడ అవతల జుమ్మనుడు ఆగింది. సైట్లు మాత్రం ఆగలే. మేడం ఆ ఖాళీ అరల నడుమ కూసొని, "చప్పుడు ఇంకా ఇనిపిస్తాంది భాయ్, నీకు ఇనిపిస్తలేదా?" అన్నది. ఇనిపిస్తలేదని చెప్పబుద్ధి కాలే.

ఆ ఏడు రైతు పూలు పట్టుకొనొచ్చిండు. కింది అరల మిషను సల్లగున్నది. మేడం ఫోన్ల సైటు తెరిచింది. అవ్వ మాట్లాడుతాంది.

"మిషను బందైంది గదా. మరి మా అమ్మ ఎక్కడి నుంచి మాట్లాడుతాంది?"

మేడం నవ్వలే. పొద్దుమూకే దాకా గ్రిడ్ కంపెనీ వాళ్లకు ఫోన్లు చేసింది. ఒక్క తాన లేదట. ముక్కలు ముక్కలుగ శాన జాగలల్ల ఉంటదట, ఇయ్యాల ఉన్న తాన రేపుండదట. అదే మాట ఆయనకు చెప్పింది. "ఏ ఊర్ల ఉన్నదో నాకు తెల్వది. ఉన్నదని మాత్రం తెలుసు."

ఆయన మొఖం తెల్లబడ్డది. "తీసెయ్యుండ్రి మేడం. జాగ లేకుంట తిరిగితే ఆమె పానం నెమ్మదిగ ఉంటదా?"

మేడం ఆయన ముంగటనే తీసేసింది. కొంచెంసేపటికి ఆయన ఫోను మోగింది. మేళ్లచెరువుల ఉండే చెల్లె. "అన్నా, ఇప్పుడే అమ్మ మాటలు ఇన్న," అంటాంది. ఆయన మేడం దిక్కు చూసిండు. మేడం సైటు మళ్ల తెరిచి అవ్వ మాటల కోసం ఎతికింది. తీసేసిన మాట అన్ని జాగల నుంచి పోయేదానికి కొంత టైము పడ్తది, నకళ్లు ఉంటయి అని ఆమెకు తెలుసు. తెలిసి గూడ ఎతికింది.

సంగతి తెలిసి చెల్లె ఏడ్చింది. "నాకు ఇంట్ల పని చేసుకుంట ఇనుడు అలవాటు మేడం. నా నుంచి గుంజుకోకుండ్రి."

మేడం ఆ గొంతును మళ్ల సైటుల పెట్టింది. తెల్లారి మెమొరీ కార్డు పెట్టే చిన్న స్పీకరు కొనుక్కొని, నన్ను ఎంట తీస్కొని మర్రిగూడకు పోయింది. రైతు చేతిల పెట్టింది. "మీ చెల్లెది అక్కడ ఉండనియ్యి. ఇది మీ ఇంట్ల పెట్టుకో. అమ్మకు ఇదొక జాగ."

తిరిగొచ్చేటప్పుడు బస్సుల అన్నది: "ఎక్కడున్నదో తెల్వకపోవుడు, లేకపోవుడు ఒక్కటి కాదు భాయ్." నాకు చెప్పిందో, తనకు చెప్పుకున్నదో.

మేడం దినాలైనంక నేనే మర్రిగూడకు పోయిన, ఆ రైతుకు ఎవరూ చెప్పి ఉండరని. ఎండ మస్తుగున్నది. వాకిట్ల మంచమేసి కూసోబెట్టిండు. మేడం పోయిందని చెప్పిన. నన్ను అదో తీరుగ చూసిండు.

"గట్లెట్ల భాయ్? పొద్దుగాల గూడ మాట్లాడె గదా."

ఆయన నన్ను లోపటికి తోల్కపోయిండు. గోడ గూట్ల, తల్లి ఫోటో కింద ఆ స్పీకరున్నది. మీట నొక్కిండు. అవ్వ మాటలు నేను ఎన్నోసార్లు ఇన్నయే. "గంతే బిడ్డా, ఇగ చాలు," అనంగనే సైటుల ఆగిపోతది. ఇక్కడ ఆగలే. సైటుల పెట్టేటప్పుడు తన గొంతు రాకుండ కత్తిరించేది మేడం. కార్డుల మాత్రం కత్తిరించకుంట పూరాగ పెట్టిచ్చింది.

గాలి చప్పుడు. ఎక్కడ్నో మేక అరిచింది. తర్వాత మేడం గొంతు, పక్కన నిలబడి అన్నట్టే.

"అవ్వా, నీళ్లు తాగుతవా?"

"ఏ నీళ్లు బిడ్డా?"

"నేను ఇంటికాడి నుంచి తెచ్చిన. తాగు, ఏం కాదు."

సీసా మూత తిప్పిన చప్పుడైంది. ఆ తర్వాత మాటల్లేవు. ఆ ఇంట్ల మేమిద్దరం నిలబడే ఉన్నం. స్పీకర్ల అవ్వ గుటక గుటక నీళ్లు తాగుతనే ఉన్నది.